ప్లేగు అంటదన్న డాక్టర్లు కుక్కలకి ఎందుకు ఎక్కించి చూశారు? (1722 నాటి ఉత్తరాలు)

చిత్తుకాగితం:

లండన్ రాయల్ సొసైటీ పత్రిక ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ 1722 సంచికలోంచి ఊడిన కొన్ని ఆకులు నా చేతికొచ్చాయి. 1720లో ఫ్రాన్స్ రేవు పట్టణం మార్సెయ్‌లో వచ్చిన ప్లేగులో పనిచేసిన మోంపెల్యే (ఫ్రాన్స్‌లోనే ఇంకో ఊరు) వైద్య ప్రొఫెసర్ ఆంత్వాన్ దీదియే ప్రయోగాలు, వాటితో పాటు ఉత్తరాలు. చనిపోయినవాళ్ల పిత్తాశయంలోంచి పసరు తీసి కుక్కల సిరల్లోకి ఎక్కించాడు, కుక్కలు రోజుల్లోనే చచ్చాయి. ఇక్కడే నాకు తిరకాసుగా ఉంది. అక్కడికెళ్లిన మోంపెల్యే డాక్టర్ల పెద్ద షికోయినో ఈ జబ్బు అంటదని గట్టిగా వాదించినవాడు. కుక్కలు చచ్చాక కూడా ఆయన మాట మార్చుకోలేదెందుకు?

ఇంకోటి. కాగితాల నిండా గోధుమరంగు మచ్చలు. ఉత్తరాల్ని వెనిగర్‌తో శుద్ధి చేసేవారట కదా, అవేనా? ముట్టుకోవచ్చా?

సూదిమందు:

నిక్షేపంగా ముట్టుకోండి. చేతులు మాత్రం ముందే కడుక్కోండి, మీ కోసం కాదు, కాగితం కోసం. ప్లేగు బాక్టీరియా స్పోర్లు (ఏళ్ల తరబడి ఆగే గట్టి విత్తనాల్లాంటివి) కట్టదు, ఎండకీ పొడికీ ఆగదు. మూడొందల ఏళ్లు కాగితంలో దాక్కునే సరుకు కాదది. పైగా మీ ఆకులు లండన్‌లో అచ్చయినవి, మార్సెయ్ మొహం చూడలేదు. వెనిగర్ చల్లి పొగ పెట్టింది చేత్తో రాసిన అసలు ఉత్తరాలకి. పొగ లోపలికి పోవాలని వాటికి గాట్లు కూడా పెట్టేవారు. మీవి తేమ మచ్చలయి ఉంటాయి. బూజు వాసన వస్తే మాస్కు పెట్టుకోండి, చాలు.

ఇక కుక్కల సంగతి. ల్యాబులో ముసలివాణ్ణయినవాణ్ణి కాబట్టి నాకు పసరు కన్నా ఆ కుక్కల్లో ఒకదాని మీదే ఆసక్తి. అది ఆస్పత్రిలో డాక్టర్ల వెనకాలే తిరిగేది. పుండ్ల మీంచి తీసి పారేసిన కట్లు, శవాల్లోంచి కోసేసిన గడ్డలు మింగేది, నేల మీద నెత్తురు నాకేది. నెలల తరబడి ఇదే తిండి. అయినా హుషారుగానే ఉంది. అదే కుక్కకి తొడ సిరలోకి పసరు ఎక్కిస్తే నాలుగో రోజుకి చచ్చింది, ఆ తొడ దగ్గరే బిళ్ళ కట్టి, ఒంటి మీద నల్లటి పుండ్లు లేచి.

ఇవాళ మనకి తెలిసిందానికి ఇది చక్కగా సరిపోతుంది. కుక్కలు ప్లేగుని బాగానే తట్టుకుంటాయి, రోగిష్టి మాంసం తిన్నా చాలామటుకు తేలిగ్గా బయటపడతాయి. (పిల్లులు అలా కాదు, తొందరగా పోతాయి.) నేరుగా నెత్తుట్లోకి ఎక్కిస్తే లెక్క వేరు. దీదియే చూసింది నిజం. పసరులో విషం పుట్టడమే జబ్బుకి మూలమని అర్థం చెప్పుకున్నాడు, అది తప్పు. సూక్ష్మజీవి దొరికింది 1894లో, హాంకాంగ్‌లో, యెర్సాన్ అనే శాస్త్రవేత్తకి.

షికోయినో కూడా కళ్లతో చూసిందే చెప్పాడు. రోగుల మంచాల మీద కూర్చున్నాడు, ఒట్టి చేతుల్తో బిళ్ళలు తడిమాడు, ఆయనకేం కాలేదు. గజ్జల్లో బిళ్ళ కట్టే ప్లేగు ముట్టుకుంటే వచ్చేది తక్కువ. ఎలుకల మీంచి వచ్చిన గోమారి (ఇంగ్లీషులో ఫ్లీ అనే గెంతే చిన్న పురుగు) కుట్టాలి. ఆ ముక్క 1898లో కరాచీలో సిమోన్ అనే ఫ్రెంచి డాక్టరు తేల్చేదాకా ఎవరికీ తెలీదు.

చిత్తుకాగితం:

పసరు ఏదైనా నెత్తుట్లోకి పోతే ప్రమాదమే కదండీ. ఆ విషానికే చచ్చిందేమో?

సూదిమందు:

మంచి ప్రశ్న. చావు ఒక్కటే చూస్తే నేనూ అదే అనేవాణ్ణి. కానీ ఒట్టి పసరు విషానికి బిళ్ళ కట్టదు.

రేవుపద్దు:

బిళ్ళదేముంది, గాయానికి చీము పట్టినా గజ్జల్లో కడుతుంది. ఆ రోజుల్లో సూదులు మరగబెట్టేవాళ్లా ఏమన్నానా?

సూదిమందు:

అందుకే నల్లటి పుండ్లని కూడా కలిపి చూస్తాను. అయినా కుక్క ఒంట్లో బాక్టీరియా ఉందని ఇప్పుడు రుజువు చెయ్యలేం, ఒప్పుకుంటా. మనుషుల్లో మాత్రం అనుమానం లేదు. మార్సెయ్‌లో 1994లో తవ్విన సామూహిక సమాధిలోని పళ్ల నుంచి ప్లేగు బాక్టీరియా జన్యుక్రమం తీసి 2016లో ప్రచురించారు.

రేవుపద్దు:

షికోయినోని మరీ వెనకేసుకు రాకండి. ఆయన మామగారు షిరాక్ ఫ్రాన్స్ రాజప్రతినిధికి వైద్యుడు, ప్లేగు అంటదని మొదట పాట ఎత్తుకుంది ఆయనే. మామ పాట అల్లుడు పాడాడు. 1732లో ఆ మామ తర్వాత రాజుగారి ప్రధాన వైద్యుడి పదవి కూడా అల్లుడికే వచ్చింది. జనానికి భయమే పెద్ద జబ్బు అనేవాళ్లు వీళ్లు.

ఈలోగా ఆ ప్లేగుని మోసుకొచ్చిన ఓడ సంగతి చూడండి. గ్రాన్ సెంతాంత్వాన్, 1720 మే 25న మార్సెయ్ చేరింది. దారిలోనే ఓడ వైద్యుడితో సహా కొందరు పోయారు, ఇటలీలోని లివోర్నో రేవు రానివ్వలేదు. అయినా సరుకు దింపారు, ఎందుకంటే అందులో బొకేర్ సంతకి పోవాల్సిన పట్టు, పత్తి ఉన్నాయి, నగర పెద్దల్లో ఒకాయనకి వాటా ఉంది. దాదాపు లక్ష మంది ఉన్న ఊళ్లో సగానికి దగ్గరగా పోయారు. సెప్టెంబర్‌లో ఓడని తగలబెట్టారు, ఏం లాభం! లండన్ పత్రికకి ఆ ఉత్తరాల మీద అంత ఆత్రం కూడా రేవుల భయంతోనే. అక్కడ 1721లో క్వారంటైన్ చట్టమే చేసుకున్నారు.

చిత్తుకాగితం గారూ, తేదీలతో జాగ్రత్త. ఫ్రాన్స్ తేదీకీ ఇంగ్లండ్ తేదీకీ అప్పట్లో 11 రోజుల తేడా. పైగా ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, 1752 దాకా. జనవరిలో అచ్చయినదానికి పాత సంవత్సరం వేసి ఉంటే అచ్చుతప్పు అనుకోకండి.

చిత్తుకాగితం:

ఓహో, ఒక ఆకు మీద రెండు సంవత్సరాలు గీత పెట్టి వేశారు, ఇదన్నమాట! కుక్క పేరా ఇప్పుడే చదివాను, కట్లు మింగడం నిజమే. ఒక ఆకు అంచు చిరిగింది, టేపు వేస్తే ఆగుతుందా?

సూదిమందు:

టేపు వద్దు, లామినేషన్ అసలే వద్దు. గుడ్డపీలికల గుజ్జుతో చేసిన కాగితమది, మన కాగితాల కన్నా గట్టిది. ఆమ్లం లేని కవర్లో పెట్టి వదిలెయ్యండి. చదవడానికి రాయల్ సొసైటీ పాత సంచికల స్కాన్లు ఆన్‌లైన్‌లో ఉచితమే, మాటిమాటికీ అసలుదాన్ని తిప్పక్కర్లేదు.