బ్రేకు నొక్కితే ఎడమ వెనుక లైటు మసకబారి, ఇండికేటరు వెలుగుతోంది: పాత కారుకు వైరింగు మొత్తం మార్చాలా?

ప్రశ్న (కాకినాడ నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2001లో కొన్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కారును ఇప్పుడు నేను నడుపుతున్నాను. పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి చేయించే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ గడువు దగ్గరపడుతున్న సమయంలోనే వెనుక లైట్లు మొరాయించడం మొదలుపెట్టాయి.

కుడివైపు లైట్లలో ఏ లోపమూ లేదు. ఎడమవైపు మాత్రం, రాత్రి లైట్లు వేసి ఉన్నప్పుడు బ్రేకు నొక్కితే ఎర్రలైటు మరింత ప్రకాశించాల్సింది పోయి మసకబారుతోంది, పక్కనున్న ఇండికేటరు నేను వేయకుండానే సన్నగా వెలుగుతోంది. పగలు లైట్లు ఆపి బ్రేకు నొక్కితే డాష్‌బోర్డులోని దీపాలు మిణుకుమంటున్నాయి. ఇది చాలదన్నట్టు, వారంలో ఒకటి రెండుసార్లు ఫ్యూజు పోయి వెనుక లైట్లు, ముందు పార్కింగ్ లైట్లు, నంబరు ప్లేటు దీపం కలిసికట్టుగా ఆరిపోతున్నాయి, బ్రేకు లైట్లు మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. బల్బు మూడుసార్లు మార్చాను. వైరింగు మొత్తం మార్చాలని ఒక మెకానిక్ చెప్పారు. అంత అవసరమా?

జవాబు (విజయవాడ, ఆటో ఎలక్ట్రీషియన్)

అవసరం లేదండీ. మీరు రెండు వేర్వేరు లోపాలను ఒకటిగా చూస్తున్నారు. మొదటిదాని సంగతి నేను చెబుతాను.

ఎడమ దీపానికి ఎర్తు, అంటే కరెంటు కారు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, సరిగా అందడం లేదు. ఆ దీపంలోని బల్బులన్నీ ఒకే నల్ల వైరు ద్వారా బాడీకి కలుస్తాయి. ఆ కలిసేచోట తుప్పు పట్టినప్పుడు, 21 వాట్ల బ్రేకు ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు బయటపడే దారి లేక పక్క ఫిలమెంట్లలోకి ఎదురెక్కుతుంది. వెనుక ఇండికేటరు గుండా వైరు పట్టుకుని ముందుకు పోయి, ముందు ఇండికేటరు బల్బు ద్వారా ఎర్తును చేరుతుంది కాబట్టి రెండూ సన్నగా వెలుగుతాయి. ఈసారి ఎవరినైనా బ్రేకు తొక్కమని, మీరు ముందుకు వెళ్లి ఎడమ ఇండికేటరును చూడండి, అది కూడా మసకగా వెలుగుతుంటే నా అనుమానం నిజమైనట్టే. లైట్లు ఆపి ఉన్నప్పుడు అదే కరెంటు వెనుక ఎర్రలైటు 5 వాట్ల ఫిలమెంటు గుండా పార్కింగు వైరులోకి వెళుతుంది, మీ డాష్‌బోర్డు మిణుకు అక్కడిదే.

ఏదీ విప్పకముందే ఒక వైరు తీసుకుని, ఒక కొసను దీపం హోల్డరు ఎర్తు చోట, రెండో కొసను డిక్కీలో రంగులేని శుభ్రమైన బోల్టుకు ఆనించి బ్రేకు నొక్కించండి. లైటు సక్రమంగా వెలిగితే లోపం దొరికినట్టే. మల్టీమీటరు ఉంటే, బ్రేకు నొక్కి ఉంచి హోల్డరు ఎర్తుకూ బ్యాటరీ నెగటివుకూ మధ్య వోల్టేజి కొలవండి. 0.2 వోల్టుకు లోపే ఉండాలి, రెండు మూడు వోల్టులు కనిపిస్తే ఎర్తు కచ్చితంగా చెడింది. బ్రేకు నొక్కకుండా కొలిచే రీడింగును నమ్మకండి, ఎందుకంటే కరెంటు పెద్దగా ప్రవహించనప్పుడు తుప్పు పట్టిన జాయింటు కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే.

జవాబు (వరంగల్ నుంచి)

ఫ్యూజు విషయం నేను చెబుతాను, నా పాత బండితో ఒక వేసవి అంతా పడ్డ పాట్లు ఇవే కనుక. ముందు లెక్క చూడండి: 5 వాట్ల బల్బులు వెనుక రెండు, ముందు రెండు, నంబరు ప్లేటుకు ఒకటి అనుకుంటే మొత్తం 25 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర రెండు ఆంపియర్ల పైచిలుకు మాత్రమే. డాష్‌బోర్డు దీపాలను కలుపుకున్నా 10 ఆంపియర్ల ఫ్యూజు పోవడానికి ఇది చాలదు. కాబట్టి ఎక్కడో ఒక వైరు బాడీకి తగిలి షార్టవుతోంది. దయచేసి పెద్ద ఫ్యూజు వేయకండి, రాగితీగ అసలే చుట్టకండి, ఆ పని చేస్తే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది.

హ్యాచ్‌బ్యాక్‌లో మొదట చూడవలసింది వెనుక తలుపు కీలు దగ్గరి రబ్బరు గొట్టం. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ వైర్లు అక్కడే వంగుతాయి, ఏళ్లు గడిచేసరికి తొడుగు పెళుసుబారి పగులుతుంది. ఒక చిట్కా: ఫ్యూజు తీసి, ఆ రెండు కొసల మధ్య 21 వాట్ల బల్బును కలిపి లైట్లు వేయండి. మామూలుగా అది కాస్త మసకగా వెలుగుతుంది, షార్టయిన క్షణాన పూర్తిగా భగ్గుమంటుంది. దాన్ని చూస్తూ తలుపును మెల్లగా ఎత్తి దించండి, తర్వాత వైర్లను ఒక్కొక్కటిగా కదిలించండి. డజను ఫ్యూజులు తగలేసిన తర్వాత నేను నేర్చుకున్న పద్ధతి ఇది.

జవాబు (విశాఖపట్నం నుంచి)

సముద్రపు గాలికి మా ఊరి బళ్లు కూడా మీ కాకినాడ బళ్లలాగే అవస్థ పడుతుంటాయి. ఎర్తు సరిచేశాక హోల్డరును కూడా చూడండి. రాగి మీద పచ్చని చిలుము ఉంటే సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాయండి. రెండు ఫిలమెంట్ల బల్బుకు పక్కనుండే చిన్న పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, బలవంతంగా తిప్పి ఎక్కిస్తే రెండు కొసలూ తారుమారై లక్షణాలు మరింత గజిబిజి అవుతాయి. దీపంలోకి నీరు వస్తోందని సిలికాన్‌తో చుట్టూ మూసేవారున్నారు, అడుగున నీరు జారే రంధ్రం మూసుకుపోతే లోపలి ఆవిరికి దారి ఉండదు. రబ్బరు గ్యాస్కెట్ మార్చడమే మేలు.

ప్రశ్న అడిగినవారి స్పందన

అందరికీ ధన్యవాదాలు. బ్రేకు నొక్కి ఎర్తు కొలిస్తే 3.8 వోల్టులు చూపించింది. డిక్కీ కార్పెట్ కింద ఎర్తు బోల్టు దొరికింది, ఎప్పుడో డెంటింగు చేయించినప్పుడు దాని మీదుగానే రంగు కొట్టేశారు! రంగు గీకి బిగించాక 0.1కి దిగింది. రబ్బరు గొట్టంలో నంబరు ప్లేటు వైరు తొడుగు ఊడి ఇనుముకు తగులుతోంది, ఆ ముక్క కోసి సన్న పోగుల మెత్తని వైరు వేయించాను. జాయింట్లు వంపు దగ్గర రాకుండా చూసుకున్నాను. ఒక్కటే మిగిలింది: ఎడమ ఇండికేటరు ఇప్పుడు హడావుడిగా కొట్టుకుంటోంది.

జవాబు (విజయవాడ, ఆటో ఎలక్ట్రీషియన్)

ఇండికేటరును కొట్టించే ఫ్లాషరు చాలా కార్లలో ఆ వైపు బల్బులు తీసుకునే కరెంటును గమనిస్తుంది, అది బాగా తగ్గితే వేగం పెరుగుతుంది. ముందు వెనుక రెండు బల్బులూ వెలుగుతున్నాయా? వెలుగుతుంటే, పని చేసేటప్పుడు కొత్తగా వేసిన బల్బు మీద ఎన్ని వాట్లని రాసి ఉందో చూడండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

వెనుక వేసింది 10 వాట్లది. మార్చి 21 వాట్లది వేశాను, ఇప్పుడు రెండు వైపులా ఒకే వేగంతో కొట్టుకుంటున్నాయి.