ర్యాంకులలో తమ ప్రగతిని పిల్లలే చూసుకునేలా చేయడం ఎలా?

ప్రశ్న (సహాయ స్కౌట్‌మాస్టర్)

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని ఒక స్కౌట్ ట్రూప్‌లో సహాయ స్కౌట్‌మాస్టర్‌గా ఉన్నాను. మా ట్రూప్‌లో పదకొండు, పన్నెండేళ్ల పిల్లలే ఎక్కువ, వారిలో చాలామంది కబ్ స్కౌట్స్ (ఇంకా చిన్నపిల్లల స్కౌట్ విభాగం) నుంచి వచ్చినవారు. క్యాంపు అంటే అందరికంటే ముందుంటారు. ముడులు వేయడం, దిక్సూచితో దారి కనుక్కోవడం ఎంతో ఇష్టంగా నేర్చుకుంటారు. అయితే తొలి ర్యాంకుల్లో ఒకటైన టెండర్‌ఫుట్ గురించి "ఆ ర్యాంకుకు నీకు ఇంకా ఏమేం మిగిలాయి?" అని అడిగితే మాత్రం వెంటనే అమ్మ వైపో నాన్న వైపో చూస్తారు. ర్యాంకు అంశాలు, వాటి పక్కన సంతకాల చోటు ఉండే హ్యాండ్‌బుక్ ఇంట్లో ఎక్కడో ఉంటుంది, నేర్చుకున్న అంశానికి నెలల తరబడి సంతకం పడదు. స్కౌట్‌బుక్ అనే ఆన్‌లైన్ రికార్డులో పెద్దలమే వివరాలు ఎక్కిస్తున్నాం కనుక లెక్కకు లోటు లేదు గాని, ఆ లెక్క పిల్లలకు తమది అనిపించడం లేదు. వారం వారం గుర్తుచేస్తున్నా అలవాటు కావడం లేదు. గోడమీద అందరి పేర్లతో ఒక చార్టు పెట్టాలా, చిన్న బహుమతులు ఇవ్వాలా, లేక మరేదైనా మార్గం ఉందా? అనుభవమున్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు (స్కౌట్‌మాస్టర్)

నమస్కారమండీ. పిల్లలు తల్లిదండ్రుల వైపు చూడడంలో ఆశ్చర్యం లేదు. కబ్ స్కౌట్స్‌లో ఇంట్లో చేసిన పనిని చూసి సరేననేది చాలావరకు తల్లిదండ్రులే. ట్రూప్‌లో చేరగానే ఆ పద్ధతి మారిపోతుంది, కానీ మారిందన్న సంగతి పిల్లవాడికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. స్కౌట్ ముందు నేర్చుకుంటాడు, తరువాత పరీక్షకు నిలబడతాడు, ఆపైన సమీక్ష, చివరికి గుర్తింపు. ఈ నాలుగు మెట్లలో రెండోదానికి తనంతట తానే వచ్చి "నేను సిద్ధంగా ఉన్నాను, చూడండి" అని అడగవలసినవాడు ఆ పిల్లవాడే. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ, వారి తల్లిదండ్రులకూ ఈ మాట మొదటి నెలలోనే విడమరిచి చెప్పాలని నా అభిప్రాయం.

ఇక ఆచరణ విషయానికి వస్తే, మా దగ్గర పుస్తకం చేతిలో లేనిదే సంతకం లేదు. ఉదాహరణకు క్యాంపులో ఒక అమ్మాయి డేరా తాడును టాట్-లైన్ హిచ్ అనే ముడితో బిగించిందనుకోండి. "బాగుంది, సంతకం పెడతాను" అని మేము పుస్తకం కోసం చెయ్యి చాచం. "ఇది నీ పుస్తకంలో ఎక్కడుందో చూపించు" అంటాం. ఆమె చేతులు తుడుచుకుని, పేజీలు తిప్పి, ఆ వరుసను వెతికి, వేలు పెట్టి చూపిస్తుంది. ఆ వెతుకులాటలోనే దాని పైనున్నదీ కిందనున్నదీ కూడా కంటపడతాయి. తరువాత ఏం చేయాలో ఆమెకు ఇక మనం చెప్పనక్కరలేదు.

సంతకం చేసే అధికారాన్ని స్కౌట్‌మాస్టర్ పాట్రోల్ లీడర్లకు (ట్రూప్‌లోని చిన్న బృందాలకు నాయకులైన స్కౌట్లకు) కూడా అప్పగించవచ్చు. తనకంటే రెండేళ్లు పెద్దవాడైన తోటి స్కౌట్ అడిగితే చిన్నవాళ్లు పుస్తకం తెచ్చే తీరే వేరుగా ఉంటుంది. మీరు వారం వారం గుర్తుచేసే పనిని పాట్రోల్ సమావేశంలో ఒక ఐదు నిమిషాలకు మార్చి, పాట్రోల్ లీడర్‌కు వదిలేయండి.

రెండో జవాబు (ఒక స్కౌట్ తల్లి)

పై మాటలతో ఏకీభవిస్తూ ఒక విషయం చేరుస్తాను. రాసుకోవడం వల్ల తనకేమిటి లాభమో పిల్లవాడికి కనబడనంతవరకు, అది పెద్దలు పెట్టిన మరో హోంవర్కుగానే ఉండిపోతుంది. అందుకు టెండర్‌ఫుట్‌లోని శారీరక దారుఢ్యం అంశం చాలా మంచి ఆరంభం. పుష్-అప్‌లు, సిట్-అప్‌లు, ముందుకు వంగి అందుకోవడం, ఒక మైలు నడక లేదా పరుగు, వీటిలో మొదట తాను ఎంత చేయగలడో రాసుకోవాలి. కనీసం 30 రోజుల పాటు సాధన చేస్తూ నమోదు చేయాలి. చివరికి మెరుగుదల చూపించాలి. మా అబ్బాయి ఆ కాగితాన్ని తన మంచం పక్కన గోడకు తానే అంటించుకున్నాడు. మొదటి వరుసలోని అంకెను చివరి వరుసలోని అంకెతో పోల్చి చూసుకున్న రోజున వాడికి కలిగిన సంతోషం నేను ఎన్నిసార్లు మెచ్చుకున్నా వచ్చేది కాదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. స్కౌట్‌బుక్ తెరిచి మిగిలిన అంశాలను మీరు చదివి వినిపించకండి. వాడే తెరిచి మీకు చదివి వినిపించాలి.

మూడో జవాబు (మెరిట్ బ్యాడ్జి కౌన్సెలర్)

గోడమీద చార్టు ఆలోచనను నేను సమర్థించలేను. నలుగురూ చూసేచోట పేర్లు వరుసగా రాస్తే ముందున్నవారికి అది అవసరం ఉండదు, వెనుకబడినవారు దానివైపు చూడడమే మానేస్తారు. స్కౌటింగ్‌లో ర్యాంకు ఎవరి వేగాన వారు సాధించేది. తోటివారితో పోటీగా మారితే దాని స్వభావమే చెడిపోతుంది. బహుమతుల సంగతీ అంతే. బహుమతి ఆగిన రోజున రాయడమూ ఆగుతుంది.

ఈ అలవాటు చిన్న వయసులోనే ఎందుకు పడాలో ఒక్కో విషయంలో నైపుణ్యానికి ఇచ్చే మెరిట్ బ్యాడ్జిల కోసం నా దగ్గరకు వచ్చే పిల్లలను చూస్తే తెలుస్తుంది. ఫ్యామిలీ లైఫ్ బ్యాడ్జికి ఇంటిపనులు 90 రోజులు, పర్సనల్ మేనేజ్‌మెంట్‌కు ఆదాయవ్యయాలు 13 వారాలు, పర్సనల్ ఫిట్‌నెస్‌కు వ్యాయామం 12 వారాలు నమోదు చేయాలి. పని అంతా చేసి కూడా రాసిపెట్టుకోని కారణంగా మళ్లీ మొదటి రోజు నుంచి ప్రారంభించవలసి వస్తే పిల్లవాడు ఎంత నిరుత్సాహపడతాడో చెప్పనలవి కాదు. క్యాంపింగ్ బ్యాడ్జికి 20 రాత్రులు కావాలి, అవి ఏళ్ల తరబడి పోగయ్యేవి. పైగా అత్యున్నత ర్యాంకైన ఈగిల్‌కు వయసు పరిమితి ఉంది, అర్హతలన్నీ 18వ పుట్టినరోజులోపే పూర్తి కావాలి.

మెరిట్ బ్యాడ్జి వివరాలు నమోదు చేసే బ్లూ కార్డులో ట్రూప్‌కు, కౌన్సెలర్‌కు, స్కౌట్‌కు వేర్వేరు భాగాలు ఉంటాయి. తన భాగాన్ని తానే ఒక ఫోల్డరులో దాచుకోవాలని మొదటి బ్యాడ్జి నాడే చెప్పండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. చార్టు ఆలోచన విరమించుకుంటున్నాను. వచ్చే క్యాంపు నుంచి పుస్తకం ఉంటేనే సంతకం అన్న పద్ధతిని పాట్రోల్ లీడర్ల ద్వారా మొదలుపెడతాం. రెండు సందేహాలు మిగిలాయి. ర్యాంకుల మీద బొత్తిగా ఆసక్తి లేక, క్యాంపుల కోసమే వచ్చే పిల్లల మాటేమిటి? పుస్తకం పోగొట్టుకున్నవారు ఏం చేయాలి?

స్కౌట్‌మాస్టర్

క్యాంపుల కోసమే వచ్చేవారిని ర్యాంకు పేరుతో తరమవద్దు. వారిని తాము వెళ్లిన క్యాంపులు, నడిచిన దారులు, వండిన వంటలు తేదీలతో రాసుకోమనండి. ఫస్ట్ క్లాస్ ర్యాంకుకు కావలసిన పది కార్యక్రమాలలో చాలావరకు అప్పటికే పూర్తయ్యాయని ఆ జాబితా చూసి వారే గ్రహిస్తారు. కొందరికి అక్కడే ఆసక్తి మొదలవుతుంది, కొందరికి కాదు, ఆ కొందరిని అలాగే ఉండనివ్వాలి.

పుస్తకం పోతే స్కౌట్‌బుక్‌లోని వివరాలను అచ్చు తీసి ఇవ్వండి. కొత్త పుస్తకంలోకి ఆ తేదీలను ఆ పిల్లవాడే తన చేతిరాతతో ఎక్కించుకుని, సంతకాల కోసం మీ దగ్గరకు తీసుకురావాలి.