అప్‌డేట్: పంట డబ్బుతో బతికే కొత్త జంట, గొడవల్లేని లెక్క

కోనసీమలో వరి, కొబ్బరి మీద బతికే కొత్త జంట నెలజీతం వాళ్లలా బడ్జెట్ వేసుకుంటే ఎందుకు నిలవట్లేదని, ప్రతిసారీ అది గొడవ దాకా ఎందుకు పోతోందని అడిగాను. జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. ఆచరణలో నిలిచినవి ఇవి.

లెక్క నెలకి కాదు, పంటకి వేయాలి. సార్వా (వానాకాలం వరి) డబ్బు సంక్రాంతి దగ్గర్లో, దాళ్వా (రెండో పంట) డబ్బు వేసవిలో వస్తుంది. మధ్యలో కొబ్బరికాయల దింపులే ఆధారం, కాయ ధర పడితే అదీ అంతంతే. అందుకే ధాన్యం డబ్బు చేతికి రాగానే కౌలు, ఎరువులు, కూలీ ముందు తీసేసి, మిగిలింది ఆరు భాగాలు చేసి నెలకొకటే ముట్టుకోవాలి. సారె, అల్లుడి మర్యాదలు, చదివింపులకు విడిగా పద్దు. ఇద్దరికీ సమానంగా, ఎంత చిన్నదైనా, లెక్క అడగని సొమ్ము ఉండాలి. అది తీసేస్తే దాపరికం మొదలవుతుంది.

మాట్లాడుకోవడం వారానికోసారి, అరగంట, అన్నాలు తిన్నాక, పెద్దవాళ్ల చెవిన పడనిచోట. ఒక్క విషయమే. గొంతు లేస్తే ఆపెయ్యాలి. ఆవేశం దిగడానికి కనీసం 20 నిమిషాలు కావాలంటాడు దాంపత్యాల మీద పరిశోధించిన జాన్ గాట్‌మన్. కానీ లేచినవాళ్లే "ఎనిమిదింటికి మళ్లీ కూర్చుందాం" అని చెప్పి వెళ్లాలి. చెప్పకుండా కాలవగట్టుకి పోతే అవతలివాళ్లకి అది అలకే.

ఒక విసురుకి ఐదు మంచిమాటలన్న ఆయన లెక్క మాత్రం వేళ్లమీద లెక్కపెట్టకండి, నాటకంలా తయారవుతుంది.

పుట్టింటికి పంపే డబ్బు సంగతి ఎవరి అమ్మానాన్నలకి వాళ్లే చెప్పుకోవాలన్న సలహా సరైనదే. ఉమ్మడి పొలం ఉన్నచోట అదెలాగో ఇంకా తేలలేదు.