‘సెబాయ’లో ఉన్నది మన వయస్సేనా?

ఇండోనేషియా, మలయ్ భాషల్లో ఈడువాళ్ళని ఏమంటారని అడిగారు కదా, ఒక్క మాటతో తేలేది కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను. పుస్తకాల్లో, బడుల్లో కనిపించేది ‘సెబాయ’. మలేషియాలో ‘రకన్ సెబాయ’ అంటారు, ఇండోనేషియాలో ‘తెమన్ సెబాయ’. రకన్ అన్నా తెమన్ అన్నా స్నేహితులే.

బాయ అంటే సంస్కృతం నుంచి వెళ్ళిన వయస్సే. అక్కడ వకారం బకారం కావడం మామూలు: విషం ‘బిసా’ అయింది, వ్యయం ‘బియాయా’ అయింది, విచారం ‘బిచారా’ అయింది, కాకపోతే బిచారా అంటే మాట్లాడటం, దిగులు పడటం కాదు.

అంతమాత్రాన సంస్కృతంలో ఒకే వయసువాడు అనే అర్థంలో ‘సవయస్’ ఉంది కాబట్టి మాట మొత్తం అక్కణ్ణుంచే వెళ్ళిందని మాత్రం అనకండి. ‘సె’ వాళ్ళ సొంతం. ఒకటి, ఒకే అని అర్థం. రుమాహ్ అంటే ఇల్లు, ‘సెరుమాహ్’ అంటే ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. అదే ‘సె’ అరబ్బీ నుంచి వచ్చిన ‘ఉమూర్’ (వయసు) ముందు, ‘అన్’ అనే ప్రత్యయం చివర చేరితే ‘సెఉమురన్’, అంటే మళ్ళీ ఈడువాళ్ళే. ఆయుష్షుకి చుట్టమైన ‘ఉసియా’ ముందు చేరితే ‘సెఉసియా’. అరువు మాటలు ఎక్కడెక్కడి నుంచో వచ్చినా వాటిని తమ వ్యాకరణంలో ఇలా ఇముడ్చుకున్నారు చూడండి, నాకు అసలు అందం అక్కడే కనిపిస్తుంది! సంస్కృతం కనబడగానే ‘అంతా మనదే’ అనేస్తే ఆ పనితనం కంటికి ఆనదు.

ఇంకో సంగతి, బాయ విడిగా రాదు. వయసెంత అని అడగాలంటే ‘ఉమూర్ బెరాపా?’ అంటారు. బాయ మిగిలింది సెబాయలోనూ, నడివయసుకి వాడే ‘పారుహ్ బాయ’ లాంటి మాటల్లోనూ. మనమూ అంతే కదా, ‘నీ ఈడెంత’ అనం గానీ ‘వాడు నా ఈడువాడే’, ‘ఈడొచ్చిన పిల్ల’ అంటాం.

ఇండోనేషియాలో పిచ్చాపాటీలో వినిపించేది సెఉమురన్, జావా వైపు నుంచి వచ్చిన ‘సెపంతరన్’. ‘కితా సెఉమురన్’ అంటే మనిద్దరిదీ ఒకే ఈడు అని. ‘సెఅంకతన్’ వేరు, అది ఒకే బ్యాచ్ అని, వయసు ఒకటే కానక్కర్లేదు.

అనువాదం చేసేవాళ్ళకి నా సలహా: తెమన్ సెబాయకి సమవయస్కులు అని రాయొచ్చు, సెఉమురన్‌కి మాత్రం ఈడువాళ్ళు అనే రాయండి.