మాల్గుడి డేస్‌లో మధ్య ఎపిసోడ్లు లేవు, పైన మాత్రం 'పూర్తి సీరియల్' అని రాశారు

కోనసీమ కొబ్బరాకు:
మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మ హిందీ ప్రచార సభ పరీక్షలు రాష్ట్రభాష దాకా పాసైంది. దూరదర్శన్‌లో హిందీ సీరియల్ వస్తుంటే పక్కన కూర్చున్నవాళ్లకి తెలుగులో చెబుతూ చూసేది. ఆవిడకి అన్నిటికన్నా ఇష్టం ఆర్.కె. నారాయణ్ కథలతో తీసిన మాల్గుడి డేస్. అది ఒక ఓటీటీలో ఉందని తెలిసి, దానికోసమే ఏడాది చందా కట్టాను. అందులో స్వామి అనే పిల్లాడి కథ మొదలుపెట్టాం. స్వామి, వాడి స్నేహితుడు రాజం కలిసి క్రికెట్ జట్టు పెట్టుకున్నారు, బాగానే ఉంది. తర్వాతది నొక్కితే స్వామి ఇంట్లోంచి పారిపోయి అడవిలో తిరుగుతున్నాడు! ఎందుకు పారిపోయాడో చెప్పే భాగమే లేదు. ముందు కథలు గుర్తున్నాయి కాబట్టి అమ్మ వెంటనే పట్టేసింది, నాకైతే తెలిసేదే కాదు, ఎందుకంటే ఎపిసోడ్ల అంకెలు మాత్రం ఎక్కడా తెగకుండా వరసగా ఉన్నాయి.

నాకు కోపం వచ్చింది ఇక్కడే. లేకపోతే లేదని రాయొచ్చు కదా. ఉన్నవాటికి కొత్త నంబర్లు వేసేసి పైన 'పూర్తి సీరియల్' అంటే ఏమనాలి? కస్టమర్ కేర్‌కి రాస్తే మా దగ్గర ఉన్నదంతా చూపిస్తున్నాం అని జవాబు.

అసలు మొత్తం ఎన్ని ఎపిసోడ్లు? నెట్‌లో ఒకచోట 39 అని, ఒకచోట 54 అని ఉంది. మధ్యవి ఎందుకు పోతాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలకొల్లు పాఠకుడు:
రెండు లెక్కలూ సరైనవేనండీ. శంకర్ నాగ్ తీసినవి 39, అవే 1980ల్లో దూరదర్శన్‌లో వచ్చినవి. ఆయన 1990లో పోయారు. చాలా ఏళ్ల తర్వాత 2006లో కవితా లంకేశ్ దర్శకత్వంలో ఇంకో 15 వచ్చాయి, అవి కలిపితే 54. కాబట్టి 39 మాత్రమే కనిపిస్తే పాతవాటిలో ఏమీ పోనట్టే. ఇంకో సంగతి, ఇంగ్లీషులో తీసింది మొదటి 13 మాత్రమే, మిగతావన్నీ హిందీలోనే ఉన్నాయి. మీరు ఇంగ్లీషు ఆడియో పెట్టుకుని చూస్తుంటే సగంలో ఆగిపోవడానికి అది కారణం కావచ్చు. కానీ మీరు చెప్పేది కథ మధ్యలో తెగడం, అది భాష గొడవ కాదు.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. స్వామిగా మాస్టర్ మంజునాథ్, వాళ్ల నాన్నగా గిరీశ్ కర్నాడ్, షూటింగ్ జరిగిన కర్ణాటక ఊరు ఆగుంబెలో ఆ పెంకుటిళ్లు, ఎల్. వైద్యనాథన్ సంగీతం... ఆ నటన మధ్యలో కోసేస్తే ఎవరికైనా బాధే.

రావులపాలెం టు హైదరాబాద్:
నేను ఓటీటీలకి ఫైళ్లు పంపే పనిలో ఉన్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో చెబుతాను. పాత సీరియల్ కొన్నప్పుడు యాప్‌కి వచ్చేది హక్కుదారు ఇచ్చిన ఫైళ్ల మూట. వచ్చిన ప్రతి ఫైలునీ చెక్ చేస్తారు. శబ్దం పెదాలతో కలవకపోయినా, మధ్యలో బొమ్మ పగిలిపోయినా, దాన్ని తిప్పి పంపిస్తారు. అవతలివాళ్ల దగ్గర మంచి కాపీ ఉంటే మళ్లీ వస్తుంది, లేకపోతే అక్కడితో అయిపోయింది, విడుదల తేదీ మాత్రం ఆగదు. అప్పుడు ఉన్నవాటినే ఒకటి నుంచి నంబర్లు వేసి ఎక్కిస్తారు. కొన్నిసార్లు హక్కులే ముక్కలుగా ఉంటాయి, గడువు తీరిన భాగం రాత్రికి రాత్రి మాయమవుతుంది.

అందుకే నంబరు చూసి లెక్క పెట్టకండి, ఎపిసోడ్ పేరు చూసి పోల్చండి. నా దృష్టిలో పాత నంబరు అలాగే ఉంచి 'ఈ భాగం లభ్యం కాలేదు' అని ఒక్క లైను రాయడం పెద్ద పనేం కాదు, చేయకపోవడం తప్పే.

గోస్తనీ గట్టు:
ఎందుకండీ ఇంత గొడవ, పాతవి ఈమాత్రం దొరకడమే గొప్ప. అమృతం చూడండి, 2001 నుంచి 2007 దాకా జెమినీలో 313 ఎపిసోడ్లు వచ్చింది, ఇప్పటికీ యూట్యూబ్‌లో ఉచితంగా చూస్తున్నాం.

కోనసీమ కొబ్బరాకు:
అమృతంలో ఏ వారం కథ ఆ వారమే, ఒకటి తప్పినా మిగతావి అర్థమవుతాయి. స్వామి కథ అలా కాదు కదండీ. పైగా నేను ఉచితంగా అడగట్లేదు, డబ్బు కట్టి అడుగుతున్నాను.

తణుకు క్యాసెట్ షాపు:
కొబ్బరాకు గారు అన్నది న్యాయం. నాకు వీడియో లైబ్రరీ ఉండేది, టేపుల సంగతి నాకు బాగా తెలుసు. ఆ రోజుల్లో టేపు ఖరీదైన వస్తువు, పాత ప్రోగ్రాం మీదే కొత్తది రికార్డు చేయడం టీవీ స్టేషన్లలో మామూలే, అలా పోయినవి ఎన్నో. మిగిలినవాటికి గాలిలో తేమే శత్రువు. టేపు మీద పూత తేమ పీల్చుకుని జిగురుగా మారి, మెషిన్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటుకుంటుంది. మన కాలవల ఊళ్లలో అయితే రెండు వానాకాలాలు చాలు, తెల్లటి బూజు పట్టేస్తుంది. నా షాపులో జనం ఇళ్లలో రికార్డు చేసుకుని దాచమని ఇచ్చినవి కూడా ఉండేవి, 1996 నవంబరు తుపానుకి చాలావరకు నీళ్లపాలయ్యాయి. వాటిలో తెలుగు దూరదర్శన్ నాటకాలు ఉన్నాయి, మళ్లీ ఎక్కడా చూడలేదు. ఇప్పటికీ నాకు ఆ బాధ ఉంది.

మీ ఇళ్లలో ఎవరి దగ్గరైనా పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉంటే, బూజు కనిపిస్తే దయచేసి వీసీఆర్‌లో పెట్టి తిప్పకండి, టేపు తెగుతుంది, మెషిన్ కూడా పాడవుతుంది. శుభ్రం చేసి డిజిటల్‌లోకి ఎక్కించేవాళ్లు ఉన్నారు, ముందు వాళ్లకి చూపించండి.

కాకినాడ జగన్నాథపురం:
పని జరిగే దారి ఒకటి చెబుతాను. 'పూర్తి' అని రాసిన పేజీ, లోపల ఉన్న ఎపిసోడ్ల పేర్లు, చందా రసీదు, మూడూ స్క్రీన్‌షాట్ తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. ఎపిసోడ్ పెట్టమని అడిగితే హక్కులు లేవంటారు. తప్పు ప్రకటన ఇచ్చారు, ఆ మాట తీసెయ్యండి లేదా నా డబ్బు తిరిగివ్వండి అని అడగండి. దూరదర్శన్ సొంతంగా తీసిన కార్యక్రమాలైతే ప్రసార భారతికి 10 రూపాయలతో ఆర్టీఐ వేసి టేపు ఉందో లేదో అడగొచ్చు, ప్రైవేటు యాప్‌కి అది పనిచేయదు.

కోనసీమ కొబ్బరాకు:
అందరికీ చాలా థాంక్సండీ. ఇంగ్లీషు ఆడియో కాదు, హిందీలోనే చూస్తున్నాం. పేర్లు పట్టుకుని అమ్మతో కూర్చుని సరిచూశాను, స్వామి కథలోవే కాదు, విడి కథల్లో కూడా కొన్ని లేవు. స్క్రీన్‌షాట్లు తీశాను, ఫిర్యాదు ఈ వారమే పెడతాను. 39 ఎపిసోడ్ల హిందీ పేర్లు వరస క్రమంలో ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, ఫిర్యాదుకి జతచేస్తాను. తణుకు గారూ, మా పెదనాన్నగారి అటక మీద ఒక పెట్టె నిండా క్యాసెట్లు ఉన్నాయి, వాటి మీద ఏమని రాసుందో చూసి మీకు చెబుతాను.