నవ్విస్తూనే, నాన్న పోయిన బాధని కూడా పట్టించుకునే లవ్ స్టోరీ చెప్పండి

ప్రశ్న: మా ఫ్రెండ్ వాళ్ల నాన్నగారు పోయారు, బరువైన పుస్తకాలిస్తే పక్కన పెట్టేస్తోంది, అలాగని ఉత్త టైంపాస్ కూడా వద్దంటోంది. చిన్న ఊళ్లో జరిగే సరదా ప్రేమకథ ఏదైనా ఉందా, ఇంగ్లీషైనా పర్లేదు.

జవాబు 1: ఎమిలీ హెన్రీ 'బీచ్ రీడ్' ఇవ్వండి, 2020లో వచ్చింది. మిషిగన్‌లో లేక్ పక్కన చిన్న ఊరు, హీరోయిన్ జాన్యువరీ లవ్ స్టోరీలు రాస్తుంది, పక్కింట్లో సీరియస్ నవలలు రాసే గస్, ఇద్దరూ పందెం కట్టి ఒకరి టైపు కథ ఇంకొకరు రాస్తారు, ఆ గిల్లికజ్జాలు భలే ఉంటాయి.

జవాబు 2: ఇచ్చేముందు ఒక మాట చెప్పండి తనకి. కథలో జాన్యువరీకి వాళ్ల నాన్నకి ఇంకో ఆవిడతో సంబంధం ఉందని ఆయన అంత్యక్రియల రోజే తెలుస్తుంది, ఆవిడే ఇంటి తాళంచెవి, ఆయన ఉత్తరం చేతిలో పెడుతుంది. ఆ కవరు తెరవడానికే పాపం ధైర్యం చాలదు. పోయినాయన మీద కోపం, ప్రేమ రెండూ ఉంటాయే, అది బాగా రాసింది.

ప్రశ్న అడిగినవారు: తనకి నాన్నంటే ప్రాణం అండీ, ముందు నేను చదివి అప్పుడిస్తా. థాంక్యూ.