నల్ అండ్ వాయిడ్: శూన్యమా, రద్దా?

ప్రశ్న: మా మేనమామగారి ఇంటి అద్దె ఒప్పందం తెలుగు చేస్తున్నానండీ. ఒకచోట, వరసగా మూడు నెలలు అద్దె కట్టకపోతే ఒప్పందం ‘నల్ అండ్ వాయిడ్’ అవుతుందని ఉంది. నల్ అంటే శూన్యం, వాయిడ్ అంటే రద్దు అనుకుని ‘శూన్యమై రద్దగును’ అని రాశాను. మామయ్య చదివి, “ఏరా, ఇల్లు కూలిపోతుందా ఏంటి?” అన్నారు. ఈ రెండు మాటలకీ తేడా ఏమిటి?

జవాబు: తేడా లేదండీ. లేని తేడా కోసం వెతకబట్టే ఆ వాక్యం అలా తయారైంది.

ఇంగ్లీషు దస్తావేజుల్లో ఇలాంటి జంటలు బోలెడు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక పెద్దల భాష, ఆ తర్వాత కోర్టుల భాష ఫ్రెంచి అయింది. అందుకే ఇంటి మాట ఒకటి, వచ్చిన మాట ఒకటి పక్కపక్కన పెట్టి రాశారని చెబుతారు. ‘గుడ్స్ అండ్ చాటెల్స్’లో గుడ్స్ పాత ఇంగ్లీషు, చాటెల్స్ ఫ్రెంచి. కానీ ఆ కథ మన జంటకి అతకదు. నల్ మూలం లాటిన్, వాయిడ్ వచ్చింది పాత ఫ్రెంచి నుంచి. రెండూ బయటివే. ఒక ముడి చాలదేమోనని వకీళ్ళు వేసిన రెండో ముడి అనుకోండి.

మన చట్టాలే చూడండి. రాజ్యాంగం 13వ అధికరణం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టాలను ఒక్క ‘వాయిడ్’తోనే కొట్టేసింది. 1872 కాంట్రాక్టు చట్టానికీ అదే ఒక్క మాట సరిపోయింది. 1955 హిందూ వివాహ చట్టం 11వ సెక్షను మాత్రం ‘నల్ అండ్ వాయిడ్’ అంటుంది. అదనంగా వచ్చిన ‘నల్’ వల్ల ఆ పెళ్ళి ఇంకాస్త ఎక్కువ చెల్లకుండా పోదు కదా!

అసలు జాగ్రత్త పడాల్సింది ‘రద్దు’ దగ్గర. రద్దు కావాలంటే అంతదాకా అది నిలిచి ఉండాలి, ఎవరో ఒకరు దాన్ని తీసెయ్యాలి. మైనరుతో చేసుకున్న ఒప్పందాన్ని ఎవరూ రద్దు చెయ్యనక్కర్లేదు, అది పుట్టుకతోనే చెల్లదు. 1903లో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిషు కాలంలో మన కేసులకి లండన్లో ఉన్న ఆఖరి అప్పీలు కోర్టు) తేల్చిన సంగతే ఇది. బెదిరించి సంతకం పెట్టించుకున్న ఒప్పందం వేరు. బెదిరిపోయినవాడు కాదనేదాకా అది నడుస్తుంది. దాన్ని ‘వాయిడబుల్’ అంటారు. ‘రద్దు చేయదగినది’ అన్న మాట దానికి పనికొస్తుంది. రెండింటికీ రద్దే వాడేస్తే ఈ తేడా కాస్తా పోతుంది.

వాయిడ్‌కి ‘చెల్లదు’ కన్నా మంచి మాట నాకు తట్టలేదు. చెల్లని నోటు అంటే ఎవరికైనా తెలుస్తుంది.

ఒక సభ్యురాలు: ‘చెల్లు’ అంటే తీరిపోవడం కూడా కదండీ? అప్పు తీరితే చెల్లుచీటి రాయించుకుంటాం. ‘చెల్లుకు చెల్లు’ అంటాం. తికమక కాదా? ఇంకోటి, ఇంగ్లీషువాళ్ళ జంటల్ని అంటున్నారు గానీ మన క్రయపత్రాల్లో ‘దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో’ అని లేదూ!

జవాబు: చెల్లు సంగతి మంచి పాయింటే. ‘చెల్లిపోయింది’ అంటే తీరిపోయిందనీ అనుకోవచ్చు. ‘చెల్లదు’ అన్నప్పుడు మాత్రం ఆ అనుమానం రాదు. రెండోదానికి ఒప్పుకోనమ్మా. దానం అంటే ఊరికే ఇవ్వడం, వినిమయం అంటే మార్చుకోవడం, విక్రయం అంటే అమ్మడం. మూడూ మూడు హక్కులు. ఒకటి తీసేస్తే కొన్నవాడికి నష్టం. నల్ తీసేస్తే ఎవరికీ ఏమీ కాదు. దానికి మన దగ్గర జోడీ కావాలంటే ‘పొలం పుట్రా’, ‘డబ్బూ దస్కం’ లాంటివి చూడాలి. పుట్ర ఎన్ని ఎకరాలని ఎవరూ అడగరు.

అన్నట్టు, ‘విల్ అండ్ టెస్టమెంట్’ జంటలో మనవాళ్ళు టెస్టమెంటును వదిలేశారు. విల్‌కి పారసీ ‘నామా’ తగిలించి వీలునామా చేసుకున్నారు. అందులోని ‘వీలు’ మన తెలుగు వీలే అనుకునేవాళ్ళు ఇప్పటికీ నాకు తగులుతుంటారు.

మీ వాక్యం ఇలా రాయండి: “అద్దెదారు వరసగా మూడు నెలలు అద్దె చెల్లించనిచో, ఆ నాటినుంచి ఈ ఒప్పందం చెల్లదు.” అద్దె చెల్లించకపోతే ఒప్పందం చెల్లదు. ఇంగ్లీషులో ఈ అందం లేదు.

అడిగినవారు: మామయ్యకి చదివి వినిపించానండీ. “ఇది అర్థమైంది. ఆ మూడు నెలలూ రెండు చేసెయ్యి” అన్నారు.